ఎలుకల వైరస్, సర్కారు సొమ్ము: అపోహలు – వాస్తవాలు

వరంగల్‌లో వైద్య విద్యార్థులకు రోగనిరోధక శాస్త్రం బోధించడం నా వృత్తి. ఎలుకల నుంచి మనుషులకు సోకే హంటా వంటి వైరస్‌లు ఒంట్లో చేరినప్పుడు మన రక్షణ వ్యవస్థ ఏం చేస్తుందన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. ఈ రెండో మాట చెప్పగానే "దీనికి కూడా ప్రభుత్వం డబ్బులిస్తుందా?" అని అడిగేవారే ఎక్కువ. 2020 మార్చిలో చైనాలో ఒక వ్యక్తి బస్సు ప్రయాణంలో చనిపోయాడని, అతనికి హంటా ఉందని తేలిందని వార్త వచ్చినప్పుడు మాత్రం నా ఫోను ఊపిరి పీల్చుకోలేదు. ఇది కొత్త వైరస్సా, మందు ఉందా, గాలిలో వస్తుందా అని ఒకటే ప్రశ్నలు. వారం తిరిగేసరికి అందరూ మరచిపోయారు. ఆ వారంలో అడిగినవాటికి జవాబులు దొరికాయంటే, ఎవరూ పట్టించుకోని ఏళ్లలో ఏదో ఒక దేశపు ఖజానా ఆ ఖర్చు భరించింది కాబట్టే.

తరచుగా వినిపించే మాటలు కొన్నింటిని తీసుకుని, నాకు తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను.

అపోహ: "ఎలుక జ్వరం, హంటా రెండూ ఒకటే."

కాదు. మన దగ్గర ఎలుక జ్వరం అని పిలిచేది లెప్టోస్పైరోసిస్. అది బాక్టీరియా వల్ల వస్తుంది. ఎలుక మూత్రం కలిసిన నీటిలో, బురదలో పగిలిన పాదాలతో దిగినవారికి సోకుతుంది. వరి నాట్ల కాలంలో అనుమానించాల్సిన జబ్బు ఇది. డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ వంటి మందులకు లొంగుతుంది. హంటా వైరస్ కాబట్టి ఆ మందులకు లొంగదు. చిక్కేమిటంటే, పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి: జ్వరం, ఒళ్లు నొప్పులు, ప్లేట్‌లెట్లు పడిపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం. స్క్రబ్ టైఫస్, డెంగీ కూడా ఇదే వేషంలో వస్తాయి. రక్త పరీక్ష లేకుండా వీటిని విడదీయడం ఎంత అనుభవజ్ఞుడైన వైద్యుడికైనా కష్టమే. పరిశోధన ప్రతిపాదనలు చదివే పెద్దలలో కూడా ఈ రెంటినీ కలిపేసినవారు నాకు ఎదురయ్యారు. అందుకే ఈ అపోహను ముందు పెట్టాను.

అపోహ: "మన దగ్గర లేని రోగానికి మన పన్నుల డబ్బు ఎందుకు?"

"మన దగ్గర లేదు" అన్న మాటనే ముందు పరీక్షించాలి. 1964లో తమిళనాడులోని వేలూరులో ఒక చుంచు నుంచి పరిశోధకులు ఒక వైరస్‌ను వేరు చేశారు. దొరికిన చోటును బట్టి దానికి తొట్టపాళయం వైరస్ అని పేరు పెట్టారు. అది హంటా కుటుంబానిదని చాలా ఏళ్ల తర్వాత గానీ తేలలేదు. కొరియా శాస్త్రవేత్త లీ హో వాంగ్ పొలం ఎలుకలో హంటాన్ వైరస్‌ను పట్టుకున్నది 1976లో. అంటే ఈ కుటుంబంలో మొదట చేతికి చిక్కిన వైరస్ మన దక్షిణాదిదే. (చుంచు నిజానికి ఎలుక జాతి కాదు. ఎలుకల వైరస్‌ల చరిత్ర ఎలుక కాని జీవితో మొదలైంది.) ఆ తర్వాత వేలూరు పరిశోధకులే జ్వరపీడితులలో, ధాన్యం గోదాముల్లో పనిచేసేవారిలో, ఎలుకలు పట్టే ఇరుల గిరిజనులలో హంటాకు సంబంధించిన యాంటీబాడీలను (వైరస్‌ను గుర్తుపట్టి అడ్డుకోవడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రోటీన్లను) చూశారు. యాంటీబాడీ ఉందంటే జబ్బు పడ్డారని కాదు. ఒక హంటాకు పుట్టిన యాంటీబాడీ దాని బంధువైన మరో హంటాను కూడా గుర్తుపట్టగలదు కాబట్టి ఏ వైరస్ సోకిందో కచ్చితంగా చెప్పడం కూడా తేలిక కాదు. కానీ ఏదో ఒకటి వారిని తాకి వెళ్లిందన్నది మాత్రం కొట్టివేయలేం.

ఇప్పుడు మా వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌ను తలచుకోండి. మిర్చి, పత్తి, మక్కలు, ధాన్యం. వాటి వెనుకే ఎలుకలు, పందికొక్కులు. ఆ దుమ్ములోనే రోజంతా బస్తాలు మోసే హమాలీలు. వానాకాలంలో జ్వరం వస్తే డెంగీ పరీక్ష చేస్తారు, మలేరియా, టైఫాయిడ్ చూస్తారు. అన్నీ లేవని వస్తే "వైరల్ ఫీవర్" అని రాసి పంపిస్తారు. ఆ చీటీలలో ఒక్క హంటా అయినా ఉందని నేను అనను. లేదని అనడానికి మాత్రం ఎవరి దగ్గరా ఆధారం లేదు. పరీక్షే చేయని చోట కేసులు సున్నా ఉండటంలో వింత ఏముంది?

అమెరికా అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. 1993 మేలో ఆ దేశపు నైరుతి ప్రాంతంలో, నవాహో తెగకు చెందిన ఆరోగ్యవంతులైన యువతీయువకులు ఉన్నట్టుండి ఊపిరాడక చనిపోయారు. హంటా ఊపిరితిత్తులను ముంచేస్తుందని అప్పటికి ఎవరూ ఎరుగరు. రోగుల రక్తంలోని యాంటీబాడీలు, అంతకు ముందే తెలిసిన ఆసియా, ఐరోపా హంటా వైరస్‌లతో స్పందించడంతో ఆచూకీ కొన్ని వారాల్లోనే దొరికింది. ఆ పరీక్షా సామగ్రి ఎక్కడిది? కొరియా యుద్ధంలో (1950–53) ఐక్యరాజ్య సమితి సైనికులు మూడు వేలకు పైగా అంతుచిక్కని రక్తస్రావ జ్వరం పాలయ్యారు. దాని మూలం వెతికే పనికి తర్వాత అమెరికా సైన్యం లీ హో వాంగ్‌కు నిధులిచ్చింది. కొరియా పొలాల్లో ఎలుకలు పట్టడానికి పెట్టిన ఖర్చు దశాబ్దాల తర్వాత అమెరికా ఎడారిలో అక్కరకు వచ్చింది. తర్వాత పాత కేసులను వెతికి చూస్తే ఆ జబ్బు 1959 నాటికే అక్కడ ఉందని తేలింది. అంతకాలం అక్కడ కూడా అది "లేని రోగమే".

అపోహ: "ఇమ్యూనిటీ గట్టిగా ఉంటే ఏ వైరస్ ఏమీ చేయదు. దానికి పరిశోధన ఎందుకు, కషాయం చాలదా?"

నన్ను ఎక్కువగా విసిగించే మాట ఇదే. కరోనా తర్వాత దీని పేరు చెప్పి అమ్ముడుపోని పొడి లేదు.

హంటా మన రక్తనాళాల లోపొర కణాలలో చేరుతుంది. చేరి వాటిని చంపదు. కణాలు బతికే ఉంటాయి, పైకి బాగానే కనిపిస్తాయి. అయినా కొద్ది రోజుల్లో రక్తనాళాలు కొత్త కుండ చెమర్చినట్టు ద్రవాన్ని బయటికి వదలడం మొదలుపెడతాయి. ఆసియా, ఐరోపా హంటాలలో ఆ దెబ్బ ముఖ్యంగా మూత్రపిండాలకు తగులుతుంది. అమెరికా ఖండాల హంటాలలో ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. అక్కడ జబ్బు పడిన ప్రతి పది మందిలో దాదాపు నలుగురు చనిపోతారు. వైరస్ చంపకపోతే ఆ నాళాలను ఎవరు చెడగొట్టారు? ఎక్కువ ఆధారాలు మన రక్షణ వ్యవస్థ వైపే వేలు చూపిస్తాయి: వైరస్ సోకిన కణాల మీదికి గుంపుగా వచ్చే టీ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు), అవి కురిపించే సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు. రోగి కుప్పకూలేది సరిగ్గా ఈ ప్రతిస్పందన ఉధృతంగా ఉన్న సమయంలోనే. చనిపోయినవారిలో బలిష్ఠులైన పడుచువారు చాలామంది ఉన్నారు.

అలాగని రక్షణ వ్యవస్థను అణిచేస్తే సరిపోతుందా? చిలీలో ఆ పని చేసి చూశారు. రోగులకు పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చారు. 2013లో ప్రచురించిన ఫలితాల ప్రకారం చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. మరోవైపు, ఆసుపత్రిలో చేరేనాటికే వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నవారిలో జబ్బు తేలికగా పోయిందని అమెరికా రోగుల అధ్యయనంలో తేలింది. అంటే ఒకే వ్యవస్థలో ఒక విభాగం కాపాడుతోంది, ఇంకొకటి ముంచుతోంది. ఏది ఎప్పుడు, ఎంత అన్నదే మా శాస్త్రం అడిగే ప్రశ్న. "ఇమ్యూనిటీ పెంచుకోండి" అన్న సలహాకు ఇక్కడ అర్థమే లేదు. ఏ విభాగాన్ని పెంచాలి?

ఎలుక కథ ఇంకా ఆసక్తికరం. తనలో హంటాను జీవితాంతం మోస్తుంది, మూత్రంలో వదులుతుంది, జబ్బు మాత్రం పడదు. దాని ఒంట్లో నియంత్రక టీ కణాలు అనే ఒక వర్గం పోరును తగ్గించి ఉంచుతుంది. సియోల్ వైరస్ (ఇదీ ఒక హంటాయే) సోకిన ఎలుకలలో ఆ కణాలను పనిచేయకుండా చేస్తే, ఎలుకలలో వైరస్ పరిమాణం తగ్గిందని 2007లో చూపించారు. ఎలుక వైరస్‌తో రాజీపడింది, మనిషి పడలేదు. ఆ రాజీ ఎలా కుదిరిందో పూర్తిగా అర్థమైతే, రక్తనాళాలు కారే ఇతర జబ్బులకు కూడా దారి దొరకవచ్చు. డెంగీలో రోగి ప్రాణం మీదికి తెచ్చేది ప్లేట్‌లెట్ల సంఖ్య కన్నా ఎక్కువగా ఇలాంటి కారడమే. ఏటా వానాకాలంలో ప్లేట్‌లెట్ల లెక్క చూసి గుండెలు బాదుకునే మన జిల్లాలకు ఇది పరాయి సమస్య ఎలా అవుతుంది?

అపోహ: "ల్యాబుల్లో ప్రమాదకరమైన వైరస్‌లు పెంచడానికే ఈ నిధులు."

నిరోధక ప్రతిస్పందనను చదవడానికి చాలావరకు బతికున్న వైరస్ అవసరమే లేదు. హంటా జన్యు పదార్థం మూడు ముక్కలుగా ఉంటుంది. అందులో ఒక ముక్కను మాత్రం తీసుకుని మామూలు బాక్టీరియా చేత ఒక ప్రోటీన్ తయారు చేయిస్తారు. కోలుకున్న వ్యక్తి రక్తంలో దానిని గుర్తుపట్టే యాంటీబాడీలు ఉన్నాయా, టీ కణాలు దానికి స్పందిస్తాయా అని చూస్తారు. ప్రోటీన్ ఎవరికీ సోకదు. నిజమైన వైరస్‌తో పని ఉంటే దానికి ప్రత్యేక భద్రత గల ప్రయోగశాలలు కావాలి. అత్యున్నత స్థాయిదైన బీఎస్ఎల్-4 పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థలో ఉంది. మా వంటి చోట్ల ఉండేవి యాంటీబాడీలను పరీక్షించే ఎలైజా ప్లేట్లు, నమూనాలను గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్. కరెంటు పోతే ఆ ఫ్రీజర్ ఏమవుతుందోనన్నదే మా అసలు భయం.

అపోహ: "ప్రైవేటు కంపెనీలు చేసుకుంటాయి కదా, ప్రభుత్వానికెందుకు?"

అర్జెంటీనాను చూడండి. అక్కడి పంపా మైదానాల్లో పంట కోతల కాలంలో రైతులకు, కూలీలకు హునిన్ అనే మరో వైరస్ ఎలుకల నుంచి సోకేది. హూలియో మైస్తెగి బృందం, కోలుకున్నవారి ప్లాస్మాను (రక్తంలోని ద్రవ భాగాన్ని) రోగులకు ఎక్కించి పక్కాగా పరీక్షించింది. 1979లో వెలువడిన ఫలితాలలో, మామూలు ప్లాస్మా పొందినవారిలో మరణాలు 16.5 శాతం, కోలుకున్నవారి ప్లాస్మా పొందినవారిలో 1.1 శాతం. తర్వాత అమెరికా, అర్జెంటీనా ప్రభుత్వాలు కలిసి కాండిడ్-1 టీకాను తయారు చేయించాయి. ఒకే దేశంలోని కొన్ని జిల్లాల వ్యవసాయ కూలీలకు పనికొచ్చే టీకాలో ఏ కంపెనీకి లాభం? అందుకే దానిని పెర్గమీనోలోని ప్రభుత్వ సంస్థే ఉత్పత్తి చేస్తోంది. దక్షిణ కొరియాలో హంటాకు 1990లోనే టీకా వచ్చింది, చైనాలోనూ ఉంది. కానీ అవి ఆ ప్రాంతపు వైరస్‌లకు ఉద్దేశించినవి. మన ఎలుకల్లో ఏముందో మనం చూసుకోకపోతే మన కోసం ఎవరూ చూడరు.

అపోహ: "గ్రాంటు వస్తే సారు పంట పండినట్టే."

ఈ మాట మా ఇంట్లో కూడా విన్నాను.

గ్రాంటు డబ్బు పద్దులుగా విడదీసి వస్తుంది: పరికరాలు, రసాయనాలు, ప్రయాణం, ఇతర ఖర్చులు, సిబ్బంది జీతాలు. ప్రభుత్వ జీతం తీసుకునే ప్రధాన పరిశోధకుడికి అందులో జీతం ఉండదు. జీతం అందేది ప్రాజెక్టులో చేరే పిల్లలకు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేల రూపాయలు, దానిపై ఇంటి అద్దె భత్యం. ఆ డబ్బు నెలల తరబడి ఆలస్యమైతే హనుమకొండలో అద్దె గది ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోయిన పిల్లలు ఉన్నారు. ఏటా ఖర్చుల పట్టిక, వినియోగ ధ్రువపత్రం పంపితే గానీ తర్వాతి విడత రాదు. మిగిలిన సొమ్మును, దానిపై వడ్డీని కూడా తిరిగి కట్టాలి. కొనుగోళ్లకు ప్రభుత్వ ఈ-మార్కెట్ నిబంధనలు. పరీక్షనాళికలు చేతికి వచ్చేసరికి జ్వరాల కాలం దాటిపోతుంది. అప్పుడు నమూనాల కోసం మళ్లీ వచ్చే వానల దాకా ఎదురుచూడాలి. అక్రమాలు లేవని అనను. అవి బయటపడాలనే కోరుకుంటాను. కానీ నేను చూసినంతలో, ఆలస్యం వల్ల పాడైన పరిశోధనే ఎక్కువ.

దేశం మొత్తం మీద పరిశోధనకు వెచ్చిస్తున్నది, 2020–21 లెక్కల ప్రకారం, స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. పరిశోధనలకు నిధులిచ్చేందుకు 2023లో చట్టం చేసి ఏర్పాటు చేసిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50 వేల కోట్లు అన్నారు. అందులో కేంద్రం వాటా 14 వేల కోట్లు. మిగతాది పరిశ్రమలు, దాతల వంటి ఇతర వనరుల నుంచి రావాలి. హమాలీల రక్తంలో యాంటీబాడీలు వెతకడానికి ఏ పరిశ్రమ ముందుకొస్తుందో నాకైతే తోచడం లేదు.

ఇంకొక లోపం గురించి బయట ఎవరూ మాట్లాడరు. ప్రాజెక్టు గడువు మూడేళ్లు. సేకరించిన నమూనాలు, ద్రవ నత్రజనిలో దాచిన కణాలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా పనికొస్తాయి. గడువు ముగిశాక ఆ నత్రజని నింపే ఖర్చు ఏ పద్దులోనూ ఉండదు. 1993కు ముందు చనిపోయిన కొందరిలో కూడా హంటాను అమెరికావారు గుర్తించగలిగింది పాత నమూనాలను ఎవరో పారేయకుండా ఉంచినందువల్లే. ఇక్కడ ఫ్రీజర్లో చోటు కోసం పాత డబ్బాలు తీసేయమంటారు. నన్నడిగితే, కొత్త ప్రాజెక్టుల సంఖ్య కొంత తగ్గించి అయినా నమూనాల నిల్వకు శాశ్వత నిధి పెట్టాలి.

అపోహ: "ఎలుక కరిస్తేనే సోకుతుంది."

కరిచినా సోకవచ్చు గానీ అది అరుదు. ఎక్కువగా ఎండిపోయిన ఎలుక మూత్రం, పెంటికలు దుమ్ముతో కలిసి ఊపిరిలోకి పోవడం వల్ల వస్తుంది. మనిషి నుంచి మనిషికి పాకుతుందని స్పష్టంగా తెలిసింది దక్షిణ అమెరికాలోని ఆండీస్ వైరస్ ఒక్కటే. కాబట్టి మూసి ఉంచిన గోదాము, బావి దగ్గరి మోటారు గది, పాత సామాన్ల కొట్టం తెరిచినప్పుడు వెంటనే చీపురు పట్టకండి. తలుపులు, కిటికీలు తీసి అరగంట బయట ఉండండి. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికలు బాగా తడిసేలా చల్లి, ఐదు నిమిషాలు ఆగి, చేతులకు తొడుగులు వేసుకుని తడి గుడ్డతో ఎత్తేయండి. లెప్టో విషయంలోనూ తొడుగులు, బ్లీచింగ్ మేలే చేస్తాయి.