పాత కట్టడాల మరమ్మతు మన ఊరి మేస్త్రికి నేర్పొచ్చా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఉదయగిరి వైపు పాత గుళ్లు, మిద్దెల మరమ్మతు పనుల్లో ఉంటున్నాను. బేల్దారులనూ, గ్రామ సచివాలయాల్లో పనిచేసే కుర్ర ఇంజనీర్లనూ ఒకచోట కూర్చోబెట్టి ఈ పని నేర్పుతుంటాను. ఏ బ్యాచ్‌లో అయినా మొదటి రోజు ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: సిమెంటు పూస్తే పాత గోడ ఇంకా గట్టిపడుతుంది.

ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే. సున్నంతో కట్టిన గోడ నేలలోని చెమ్మను పీల్చుకుని ఎండకు వదిలేస్తుంది. మీద సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు లోపలే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో గోడ మరీ తొందరగా చౌడెక్కుతుంది.

ఒక మండపం గోడ దగ్గరికి బ్యాచ్‌ని తీసుకెళ్లాను. పైకి నున్నగా ఉంది, వేలితో తడితే డొల్ల మోత. పెచ్చు ఊడదీస్తే వెనకాల ఇటుక ఎర్రటి పిండిలా చేతిలోకి రాలింది. ఒక పెద్ద మేస్త్రి ఆ పొడిని గుప్పిట్లో పట్టుకుని, "ఇట్టాంటివి నేనెన్ని పూసుంటానో సార్" అన్నాడు. తప్పు ఆయనదని నేననను. ఎస్టిమేట్‌లో రాసిచ్చిందే సిమెంటు. అందుకే రాసిచ్చేవాళ్లనూ, పూసేవాళ్లనూ ఒకే గోడ ముందు నిలబెడతాను.

మరమ్మతుకు వాడే సున్నం ఇటుక కంటే మెత్తగా ఉండాలి. పగులు వస్తే అతుకులో రావాలి, ఇటుకలో కాదు.

అపోహ: సున్నం పాళ్లు పాతకాలం వాళ్లతోనే పోయాయి.

చాలావరకు గోడలోనే ఉన్నాయి. పాత గచ్చు ముక్కను ఆరబెట్టి, తూకం వేసి, నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే సున్నం బుసబుస పొంగి కరిగిపోతుంది, ఇసుక అడుగున మిగులుతుంది. కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూస్తే ఇసుక ఎంతో, సున్నం ఎంతో సుమారుగా తెలుస్తుంది. జల్లెడ పడితే ఇసుక సన్నమో ముతకో కూడా తేలుతుంది. అయితే మన తీరంలో ఒక చిక్కుంది. ఇసుకలో గుల్ల ముక్కలు కలిసి ఉంటే అవీ కరిగిపోయి లెక్క తప్పుతుంది. ముందు భూతద్దంతో చూసుకోవాలి.

పాతకాలంలో సున్నంలో బెల్లం, కరక్కాయ కలపడం నిజమే. కానీ సున్నం బాగా నాననప్పుడు, ఇసుకలో మట్టి ఉన్నప్పుడు ఎంత బెల్లం పోసినా లాభం లేదు.

అపోహ: సివిల్ డిగ్రీ ఉన్నవాళ్లకు వేరే నేర్పక్కర్లేదు.

కాలేజీలో నేర్పేది ఎక్కువగా సిమెంటు కాంక్రీటు, ఇనుము. ఇక్కడేమో శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి కోటలో రాతి గోడలున్నాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా భైరవకోనలో గుళ్లను కొండలోనే తొలిచారు. అక్కడ అతుకే లేదు, చూడాల్సింది కొండలోంచి దిగే నీటిని. నెల్లూరు పాత వీధుల్లోనేమో చెక్క దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి వేసిన మిద్దెలు. మూడింటికీ ఒకే ఎస్టిమేట్ పనికిరాదు. రాతి చెక్కడం నేర్చుకుంటామనే పిల్లలకు తిరుపతిలో టీటీడీ శిల్ప శిక్షణ సంస్థ 1960 నుంచీ ఉంది.

అపోహ: నేర్చుకున్నా పనెక్కడ దొరుకుతుంది?

రక్షిత కట్టడాల జాబితాలో లేని గుళ్లు, సత్రాలు, మసీదులు, ఒంగోలు, నెల్లూరుల్లో క్రైస్తవ మిషన్ల కాలం నాటి భవనాలు, సొంత మిద్దెలు ఎన్ని లేవు! కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవాటిని మాత్రం అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి.

అపోహ: బయటి నిపుణులను పిలిపిస్తే సరిపోతుంది.

పిలిపించండి, వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది. కానీ మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిన రాత్రి గోపురం మీద నీళ్లు ఎక్కడ నిలిచాయో చూసేది ఊళ్లో ఉన్నవాడే. పచ్చి సున్నం ఆ వానకు కొట్టుకుపోతుంది, మే ఎండకు ఆరిపోయి పొడిబారుతుంది. అందుకే పూత పని సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి, తడి గోనెపట్టాలు కప్పి, ఎండలు ముదరకముందే ముగిస్తాం. రాతి సందులో మొలిచిన రావి మొక్కను పీకకూడదని, పీకితే రాయి కూడా కదులుతుందని, లేతగా ఉన్నప్పుడే కోసి వేరును చంపాలని తెలిసినవాడు ఊళ్లోనే ఉండాలి.

మేం పనిచేసిన ఒక గుడిలో పగులుకు అడ్డంగా సన్నని గాజు పలక అతికించి, పక్కన పెన్సిలుతో తేదీ రాశాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. మా దగ్గర నేర్చుకున్న బేల్దారి కుర్రాడు ప్రతి పెద్ద వాన తర్వాత వెళ్లి దాన్ని ఫొటో తీసి పంపిస్తాడు. మొన్న వచ్చిన ఫొటోలో కూడా గాజు పగల్లేదు.