కాన్పు గదికి చాలా ముందే మొదలైన తేడా

ఒంటి రోగనిరోధక శక్తే సొంత అవయవాల మీద దాడిచేసే జబ్బు లూపస్. అది ఉన్న స్త్రీలను గర్భం జోలికే వెళ్లొద్దని డాక్టర్లు ఒకప్పుడు హెచ్చరించేవారు. ఇప్పుడు అలా అనడం లేదు. గర్భానికి ముందు జబ్బు కనీసం ఆరు నెలలు సద్దుమణిగి ఉండాలి, జబ్బును అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర ఆపకూడదు, గర్భం వచ్చిన మొదటి మూడు నెలల్లోనే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెట్టాలి. ఇవన్నీ కుదిరితే చాలామందికి కాన్పు క్షేమంగానే జరుగుతుంది. అమెరికాలో చిక్కంతా ఆ ఆరు నెలల దగ్గరే ఉంది.

2022లో అక్కడ శ్వేతజాతి తల్లుల్లో 9.4 శాతం మంది 37 వారాలు నిండకుండా ప్రసవిస్తే, నల్లజాతి తల్లుల్లో 14.6 శాతం మంది అలా ప్రసవించారు. లూపస్ కూడా నల్లజాతి స్త్రీలకే రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. అదీ పిల్లల్ని కనే వయసులో. వాళ్లలో కిడ్నీలు దెబ్బతినడమూ ఎక్కువే. కిడ్నీ దెబ్బతిన్న తల్లికి గర్భంలో బీపీ పెరిగి, గుర్రపువాతానికి దారితీసే ప్రీఎక్లాంప్సియా వస్తే, ఆమె ప్రాణం కాపాడటానికి డాక్టర్లే బిడ్డను ముందుగా బయటికి తీయాల్సి వస్తుంది.

ఇదంతా జన్యువుల వల్లేనని చాలాకాలం సరిపెట్టుకున్నారు. 1997లో రిచర్డ్ డేవిడ్, జేమ్స్ కాలిన్స్ అనే డాక్టర్లు ఇల్లినాయ్ రాష్ట్రపు జనన రికార్డులు తిరగేశారు. ఆఫ్రికాలో పుట్టి వలసవచ్చిన నల్లజాతి తల్లుల బిడ్డల బరువు అమెరికాలో పుట్టిన నల్లజాతి తల్లుల బిడ్డల కంటే, శ్వేతజాతి తల్లుల బిడ్డల బరువుకే దగ్గరగా ఉంది. అది లూపస్ మీద చేసిన పరిశోధన కాదు. అయినా, తేడా ఒంట్లో ఉందా, బతికే చోట ఉందా అన్న ప్రశ్న ఆ తర్వాత తప్పించుకోలేనిదైంది.

లూపస్ విషయంలో ఆ ప్రశ్నకు కొంత జవాబు ప్రామిస్ అధ్యయనంలో దొరికింది. 2003 నుంచి అమెరికా, కెనడాల్లో జబ్బు అదుపులో ఉన్న 385 మంది గర్భిణులను గమనించి, 2015లో ఫలితాలు ప్రచురించారు. 81 శాతం మందికి పెద్ద చిక్కులేవీ రాలేదు. కానీ శ్వేతజాతి వాళ్లతో పోలిస్తే మిగతావారికి ముప్పు ఎక్కువగానే కనిపించింది. నల్లజాతి స్త్రీల విషయంలో ఆ తేడాలో కొంత భాగం చదువు, ఆదాయం వంటి పరిస్థితుల నుంచి వస్తోందని తర్వాతి విశ్లేషణ చెప్పింది.

నన్ను ఎక్కువగా కలచివేసేది కిడ్నీ లెక్క. రక్తంలో క్రియాటినిన్‌ను (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థాన్ని) బట్టి కిడ్నీ పనితీరు అంచనా వేసే సూత్రం, మనిషి నల్లజాతి అయితే ఫలితాన్ని దాదాపు 16 శాతం పెంచి చూపేది. రక్తపరీక్షలో శ్వేతజాతి స్త్రీకి వచ్చిన అంకే వచ్చినా, నల్లజాతి స్త్రీ కిడ్నీ మెరుగ్గా ఉన్నట్టు కాగితం మీద కనబడేది. సూత్రంలోని ఆ పెంపును తొలగించాలని అమెరికా కిడ్నీ వైద్య సంఘాలు సిఫారసు చేసింది 2021లో.

ఇక బీమా. అక్కడ పదింట నాలుగు కాన్పుల ఖర్చు పేదల బీమా పథకం మెడికెయిడే భరిస్తుంది. గర్భం కారణంగా వచ్చే ఆ బీమా ఒకప్పుడు కాన్పయిన 60 రోజులకే ఆగిపోయేది. 2021 నాటి చట్టంతో దాన్ని ఏడాదికి పొడిగించుకునే వీలు కలిగింది, చాలా రాష్ట్రాలు పొడిగించుకున్నాయి. గర్భానికి ముందు కాలం మాత్రం అలాగే ఉండిపోయింది. మిసిసిపి, అలబామా, టెక్సస్‌లలో పిల్లలు లేని పేద స్త్రీకి, వైకల్యం కింద అర్హత దొరికితే తప్ప, మామూలుగా మెడికెయిడ్ రాదు. గర్భం నిలిచాకే అర్హత వస్తుంది. మాత్రతో జబ్బును అదుపులోకి తెచ్చుకోవాల్సిన ఆరు నెలలు అప్పటికే గడిచిపోయి ఉంటాయి.