పాతర గడ్డి: తొక్కుడులోనే ఉంది పులుపంతా

నెల్లూరు జిల్లా పడమటి మెట్టల్లో, ఉదయగిరి, వింజమూరు పక్కన, రోహిణి కార్తె నాటికి పచ్చిగడ్డి పరక దొరకడం కష్టం. వరిగడ్డితో బర్రె కడుపు నిండుతుంది గానీ పాలు పెరగవు. అక్టోబరు వానకు వేసిన మొక్కజొన్నను సంక్రాంతి తర్వాత పాతర వేసుకుంటే మేలో కూడా పచ్చిమేత ఉన్నట్టే. దీన్నే ఇప్పుడు సైలేజి అంటున్నారు.

గింజలో గోరు గుచ్చితే పాలు చిందకుండా మెత్తటి పిండి తగిలినప్పుడు కోయాలి. ముక్కలు ఒకటి రెండు సెంటీమీటర్లకు మించొద్దు. గుప్పెడు ముక్కల్ని నిమిషం పాటు గట్టిగా పిసికి వదలండి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారితే తడి ఎక్కువ, ఒక పూట వాడబెట్టాలి. వెంటనే విడిపోతే ముదిరిపోయింది. ముద్ద మెల్లగా విచ్చుకుని, అరచేతికి తడి పెద్దగా అంటకపోతే తేమ 70 శాతం లోపు ఉన్నట్టు. సరైన అదను అదే.

కోసిన చొప్ప చచ్చిపోదు. గాలి ఉన్నంతసేపూ ఊపిరి పీలుస్తూ తన చక్కెరనే కాల్చేసుకుంటుంది, కుప్ప వేడెక్కుతుంది. ఆ చక్కెర లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాకు దక్కాలి. పెరుగు తోడుకునేది ఈ తెగవాటితోనే. ఇక్కడివి ఆకుల మీద పొలం నుంచే వస్తాయి. వీటిలో కొన్ని ఒక గ్లూకోజు అణువును రెండు లాక్టిక్ ఆమ్ల అణువులుగా చీలుస్తాయి, మేత తరుగు దాదాపు ఉండదు. మరికొన్ని కొంత భాగాన్ని బొగ్గుపులుసు వాయువుగా పోగొడతాయి. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4 దగ్గరికి దిగితే కుళ్లబెట్టే క్రిములు ఆగిపోతాయి. అందుకే గాలి మిగలకుండా 15 సెంటీమీటర్ల పొరకొకసారి తొక్కాలి, ముఖ్యంగా గోడల వెంట, మూలల్లో. బూజు మొదట పట్టేది అక్కడే. ఒకటి రెండు రోజుల్లో నింపేసి, ప్లాస్టిక్ పట్టా కప్పి, పైన మట్టి వేసి 45 రోజులు కదపకూడదు. మట్టి కుంగి నెర్రెలిస్తే పూడ్చాలి.

మొక్కజొన్నకు బెల్లం దండగ, చక్కెర దానిలోనే చాలినంత ఉంది. అలసంద, పిల్లిపెసర లాంటి వాటికైతే టన్నుకు 20 కిలోల బెల్లం కరిగించి చల్లాలి.

తడి ఎక్కువైనా, బురద కలిసినా క్లోస్ట్రిడియా అనే మట్టి క్రిములు లేస్తాయి. తయారైన లాక్టిక్ ఆమ్లాన్ని బ్యూటిరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. పాడైన నెయ్యి కంపు దానిదే.

చిన్న రైతులు ఎక్కువగా పొరబడేది గుంత కొలతల్లో. తెరిచాక గాలి తగిలి ఈస్టులు లాక్టిక్ ఆమ్లాన్నే తింటాయి, మేత మళ్లీ వేడెక్కుతుంది. రోజుకు కనీసం 10 సెంటీమీటర్ల మందాన, తెరిచిన వైపు మొఖమంతా పైనుంచి కిందిదాకా తీస్తేనే వాటికంటే మనం ముందుంటాం. కాళ్లతో బాగా తొక్కితే ఘనపు మీటరుకు సుమారు 500 కిలోలు పడుతుంది. మూడు బర్రెలకు రోజుకు 50 కిలోలనుకుంటే మీటరు వెడల్పు, మీటరు లోతు, 8 మీటర్ల పొడవు గుంత 80 రోజులకు సరిపోతుంది. అంతే మేత పట్టే గుంతను వెడల్పుగా తవ్వితే సగం బూజుపాలు. బూజు పట్టిన పొరను ఏ పశువుకూ వేయొద్దు, చూడి బర్రెకైతే మరీను.