ముహూర్తం లేకుండా కట్టిన హాలు

జర్మనీలోని బాన్ నగరంలో, రైన్ నది ఒడ్డున స్వరకర్త బీథోవెన్ పేరిట ఉన్న బీథోవెన్ హాలు 2025 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. మరమ్మతులు మొదలైంది 2016లో. అప్పటి అంచనా దాదాపు 6 కోట్ల యూరోలు. పూర్తయ్యేసరికి ఖర్చు 22 కోట్లు దాటింది. ఇన్నేళ్లూ ఈ రెండు అంకెల చుట్టూనే తగువు నడిచింది. అయితే ఆ తగువు వేళ్లు 2016లో లేవు. పండగ తేదీ ముందు పెట్టుకుని, ఆనక హాలు సంగతి చూసుకునే అలవాటు ఆ ఊరికి 180 ఏళ్లుగా ఉంది.

బీథోవెన్ 1770లో పుట్టిన ఊరు బాన్. ఆయనకు అక్కడ విగ్రహం పెట్టాలని చందాలు పోగుచేస్తే, 1839లో ఫ్రాన్స్ నుంచి మొత్తంగా వచ్చింది 424 ఫ్రాంకుల 90 సెంటీములు. ఈ సంగతి తెలిసి పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ మనసు కష్టపెట్టుకున్నాడు. లోటు తాను పూడుస్తానని ముందుకొచ్చాడు. 1845 ఆగస్టులో ఆవిష్కరణ. ఉత్సవం దగ్గరపడ్డాక చూస్తే, వచ్చే జనానికి సరిపడే కచేరీ స్థలమే ఊళ్లో లేదు. లిస్ట్ పట్టుబట్టి, పెళ్లికి పందిరి వేసినట్టు, రెండు వారాల లోపే చెక్కతో ఒక హాలు లేపించాడు. ఉత్సవం అయ్యాక దాన్ని విప్పేశారు. అదే మొదటి బీథోవెన్ హాలు. విగ్రహం దగ్గరా తొందరలో ఒకటి మరిచిపోయారు. ప్రష్యా రాజు, ఇంగ్లండ్ రాణి విక్టోరియా ఒక భవనం బాల్కనీలో నిలబడి చూస్తుండగా తెర తొలగింది. వారికి కనిపించింది బీథోవెన్ వీపు!

రెండో హాలు ఆయన శతజయంతి కోసం 1870లో కట్టారు. హాలు సిద్ధమైంది కానీ ఫ్రాన్స్‌తో యుద్ధం వచ్చింది. ఉత్సవం మరుసటి ఏడాదికి జరిగింది. అదీ చెక్క హాలే, అందులో పాట పలికే తీరుకు మంచి పేరుండేది. 74 ఏళ్లు నిలిచి, 1944 అక్టోబరు 18న బాంబు దాడిలో కాలిపోయింది. 1818లో స్థాపించిన బాన్ విశ్వవిద్యాలయం ప్రధాన భవనం కూడా అదే రోజు మంటల్లో పోయింది. ఒక్క పూటలో ఊరు తన చదువుల గూటినీ సంగీతపు గూటినీ పోగొట్టుకుంది.

మూడోది ఇప్పుడున్న హాలు. 1949లో బాన్ పశ్చిమ జర్మనీకి రాజధాని అయ్యింది. కచేరీలకూ, పెద్ద సభలకూ చోటు కావాలి. పోటీలో గెలిచిన ఆర్కిటెక్టు సీగ్‌ఫ్రీడ్ వోల్‌స్కే అప్పటికి ముప్పై దాటని కుర్రవాడు, పేరున్న ఆర్కిటెక్టు హాన్స్ షారూన్ శిష్యుడు. 1956లో శంకుస్థాపన, 1959 సెప్టెంబరు 8న ప్రారంభం. గమనించాల్సింది ఏమిటంటే, 1959లో బీథోవెన్ శతజయంతి, శతవర్ధంతి లాంటివేవీ లేవు. పండగ తరుముకు రాలేదు గనుక పనికి కావలసిన తీరిక దొరికింది.

ఆ తీరిక ఎక్కడ కనిపిస్తుందంటే, పెద్ద హాల్లో తల ఎత్తి చూస్తే చాలు. పైకప్పు నిండా ప్లాస్టరుతో చేసిన అర్ధగోళాలు, పిరమిడ్లు, నిలువునా కోసిన గొట్టం ముక్కల్లాంటివి వరసగా ఉంటాయి. చూడ్డానికి అలంకారంలా ఉన్నా అవి చేసేది శబ్దం పని. నున్నటి కప్పు శబ్దాన్ని అద్దంలా ఒక్క దిక్కుకే తిప్పికొడుతుంది, కొన్నిచోట్ల ప్రతిధ్వని చెవికి గుచ్చుకుంటుంది. గుబ్బలూ అంచులూ ఉంటే అదే శబ్దం పలు దిక్కులకు చెదిరి హాలంతా పరుచుకుంటుంది. ఏ ఆకారం ఏ స్వరాలను ఎంత చెదరగొడుతుందో ఎర్విన్ మేయర్, హైన్రిష్ కుట్రుఫ్ అనే శాస్త్రవేత్తలు కూర్చుని తేల్చారు. ఒక నగరపాలక సంస్థ కట్టించిన హాలు కోసం ఇంత శ్రద్ధ పెట్టడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

కట్టింది కచేరీలకొక్కటే కాదు కాబట్టి ఆ హాల్లో నృత్య వేడుకలు, కార్నివాల్ సంబరాలు, పార్టీ మహాసభలు అన్నీ జరిగాయి. 1974, 1979, 1984, 1989లో పశ్చిమ జర్మనీ అధ్యక్షుణ్ణి ఎన్నుకున్న సభ కూడా ఇక్కడే కొలువుతీరింది. 1969 నవంబరులో స్వరకర్త స్టాక్‌హౌజెన్ ఒక రాత్రి ఈ భవనం మొత్తాన్నీ కచేరీ వేదిక చేశాడు. వాద్యకారులను వరండాల్లో కూర్చోబెట్టి గంటల తరబడి వాయించమన్నాడు. వాళ్లలో కొందరు అక్కడికక్కడే ఎదురుతిరిగారు.

1991 జూన్ 20న అనుకూలంగా 338, వ్యతిరేకంగా 320 ఓట్లతో పార్లమెంటును బెర్లిన్‌కు తరలించాలని తీర్మానం అయ్యింది. రాజధాని హోదా పోయిన ఊరు రెండు ఆశలు పట్టుకుంది: ఐక్యరాజ్యసమితి సభల నగరం కావడం, బీథోవెన్ నగరంగా ప్రపంచానికి తెలియడం. మొదటి ఆశతో పాత పార్లమెంటు పక్కన పెద్ద కాన్ఫరెన్స్ సెంటర్ మొదలుపెట్టారు. 2009లో పెట్టుబడిదారు సంస్థ దివాలా తీసింది, పనులు ఆగిపోయాయి, భారం నగరం నెత్తిన పడింది. అది తెరుచుకునేసరికి 2015. రెండో ఆశతో, జర్మనీ తపాలా సంస్థ డాయిష్ పోస్ట్ అండగా, సరికొత్త ఉత్సవ మందిరం కట్టాలనుకున్నారు. జహా హదీద్ వంటి పేరున్న ఆర్కిటెక్టులు నమూనాలు ఇచ్చారు. దానికి చోటు కోసం 1959 నాటి హాలును కూల్చేయాలన్న ఆలోచన వచ్చింది. 1990 నుంచి రక్షిత కట్టడంగా ఉన్న హాలుకే ఆ గతి!

అప్పుడు అడ్డుపడినవాళ్లలో ముందున్నది బాన్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర చదువుకునే విద్యార్థులు. ఒక సంఘం పెట్టుకుని, ఈ హాలు విలువ ఏమిటో ఊరికి విడమరిచి చెప్పారు. పాతబడిన మామూలు హాలని జనం అనుకునేదాన్ని మళ్లీ కళ్లు పెట్టి చూసేలా చేసిన ఘనత వాళ్లది. కాన్ఫరెన్స్ సెంటర్ దెబ్బ తగిలిన నగరం కొత్త భారానికి జంకింది. 2015 జూన్‌లో డాయిష్ పోస్ట్ తప్పుకుంది, కొత్త మందిరం ఊసు ముగిసింది.

మిగిలింది పాత హాలును బాగుచేయడం. ఇక్కడ మళ్లీ పాత అలవాటే. 2020లో బీథోవెన్ 250వ జయంతి, ఆలోగా పూర్తి కావాలని తేదీ పెట్టుకుని దిగారు. గోడలూ నేలా తెరిచాక లోపల ఏముందో తెలిసింది. పనులు సాగుతుండగానే నమూనాలు మారాయి, కాంట్రాక్టర్లతో పేచీలు వచ్చాయి, ఖర్చు ఏటికేడు పెరిగింది. 2020 వచ్చేసరికి బీథోవెన్ పేరున్న హాలు తాళంలోనే ఉంది. ఊరి ఆర్కెస్ట్రా ఆ కాన్ఫరెన్స్ సెంటర్‌లో తలదాచుకుని వాయించింది. అది చాలదన్నట్టు కరోనా వచ్చి ఉత్సవాన్నే చెదరగొట్టింది.

ఈ ఖర్చుకు కొందరు హాలునే తప్పుపడతారు, ఆనాడే కూల్చేసి ఉండాల్సిందంటారు. నేను ఒప్పుకోను. ముందుగా భవనాన్ని ఓపికగా పరీక్షించి, ఏం కావాలో తేల్చుకుని, ఆ తర్వాత తేదీ చెప్పి ఉంటే లెక్క మొదటే నిజంగా ఉండేది. ఆ పైకప్పు కింద ఇప్పుడు మళ్లీ వాద్యాలు శ్రుతి అవుతున్నాయి. బీథోవెన్ కన్నుమూసి 2027 మార్చి 26కి 200 ఏళ్లు. ఈసారి తేదీ కంటే ముందే హాలు సిద్ధంగా ఉంది.