వేలూరు చుంచెలుకలో దొరికిన వైరస్

రాత్రిళ్లు గోడవారగా కీచుకీచుమంటూ పరుగెత్తే చుంచెలుకను మనం ఎలుకల్లోనే లెక్కవేస్తాం గానీ, నిజానికి అది ఎలుక జాతికి చెందినది కాదు. గింజలు కొరికే ఉలి పళ్లు దానికి లేవు. పురుగులను పట్టి తినే సన్నని వాడి పళ్లూ, సాగిన మూతీ దానివి. 1964లో తమిళనాడులోని వేలూరులో మెదడువాపు వ్యాధిపై పరిశోధన చేస్తున్నవారికి ఇలాంటి ఒక చుంచెలుకలో కొత్త వైరస్ దొరికింది. దానికి ఆ ప్రాంతం పేరునే తోటపాళయం వైరస్ అని పెట్టారు. అది ఏ వైరస్ కుటుంబానికి చెందినదో మాత్రం అప్పట్లో తేలలేదు.

అంతకుముందు, కొరియా యుద్ధకాలంలో, దాదాపు 3,000 మంది ఐక్యరాజ్య సమితి సైనికులు మూత్రపిండాలను దెబ్బతీసే రక్తస్రావ జ్వరానికి గురయ్యారు. దాని కారకం 1976లో గానీ బయటపడలేదు. కొరియా శాస్త్రవేత్త హో వాంగ్ లీ బృందం దాన్ని పొలాల్లో తిరిగే చారల ఎలుక ఊపిరితిత్తుల్లో కనిపెట్టి, అక్కడి హాంతాన్ నది పేరు పెట్టింది. ఆ పేరు మీదే ఈ రకం వైరస్‌లన్నిటినీ హాంటా వైరస్‌లు అంటారు. తర్వాతి పరీక్షల్లో తోటపాళయం వైరస్ కూడా వీటి బంధువేనని తేలింది. అంటే ప్రయోగశాలలో మొట్టమొదట వేరుచేసిన హాంటా వైరస్ వేలూరుదే.

ఈ వైరస్‌లు తమకు ఆశ్రయమిచ్చే జంతువును సాధారణంగా జబ్బు పాలు చేయవు. దాని ఒంట్లో దీర్ఘకాలం నిలిచి ఉండి, మూత్రం, పెంటికలు, లాలాజలం ద్వారా బయటికి వస్తుంటాయి. ఆ మలినాలు ఎండి ధూళిలో కలిసినప్పుడు, ఆ గాలి పీల్చిన మనిషికి సోకుతాయి. చాలాకాలం మూసి ఉంచిన ధాన్యపు గదిని పొడి చీపురుతో ఊడవడం అందుకే ప్రమాదం. ముందు తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచింగ్ నీళ్లతో నేలను బాగా తడిపి, ఆ తర్వాతే తుడవాలి.

తోటపాళయం వైరస్ మనుషులకు జబ్బు తెస్తుందని రుజువు కాలేదు. అయితే చుంచెలుకల సంగతి అంతటితో ముగియలేదు. చైనాలోని షాన్‌డాంగ్, హెనాన్ రాష్ట్రాల్లో 2018, 2021 మధ్య జ్వరంతో వచ్చిన 35 మందిలో లాంగ్యా అనే కొత్త వైరస్ కనిపించింది. అది నిఫా వైరస్‌కు దూరపు చుట్టం. దాని మూలం కోసం 25 రకాల చిన్న అడవి జంతువులను పరీక్షించగా, 262 చుంచెలుకల్లో 71 వాటిలో దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. కారణం తేలని జ్వరాలు మన పల్లెల్లోనూ తక్కువేమీ కావు కాబట్టి, రోగుల రక్తంతోపాటు వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగే చుంచెలుకలనూ పరీక్షించే ఏర్పాటు ఇక్కడ కూడా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.