బాక్సు పక్కన కుర్చీ

"బిడ్డను బాక్సులో పెట్టారు." నెలలు నిండకుండా కాన్పయితే ఇంటివాళ్లు చుట్టాలకు ఫోన్‌లో చెప్పే మొదటి మాట ఇదే. బాక్సు అంటే ఇంక్యుబేటర్, బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె. ఎన్నాళ్లుంచుతారని అవతలివాళ్లు అడుగుతారు. ఎనిమిదో నెల దాటాక పుట్టిన బిడ్డయితే వారమో రెండు వారాలో అని చెప్పుకోవచ్చు. 25వ వారంలోనే వచ్చేసిన బిడ్డయితే డాక్టర్లు సాధారణంగా ఒక్క తేదీ మాత్రమే చూపిస్తారు: అసలు కాన్పు కావాల్సిన తేదీ. అంటే మూడు నెలల పైమాట. అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు.

కడుపులో బిడ్డ పూర్తిగా ఎదగడానికి 40 వారాలు కావాలి. 37 వారాల లోపు పుడితే నెలలు నిండని బిడ్డ అంటాం. 2020లో ప్రపంచం మొత్తంమీద ఇలా పుట్టినవాళ్లు సుమారు 1 కోటి 34 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్లలో 28 వారాలైనా నిండకుండా వచ్చినవాళ్లు కొద్దిమందే. ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో, ఎక్కువ కాలం గడిపేది మాత్రం వీళ్లే. 24, 25 వారాల బిడ్డ బరువు చాలాసార్లు 700 గ్రాముల దగ్గర ఉంటుంది. పల్చటి చర్మం కింద రక్తనాళాలు కనపడుతుంటాయి. కొందరికి కనురెప్పలు ఇంకా విడివడి ఉండవు. ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి నాలుగు పెద్ద చెంచాలు. అందుకే పరీక్షకు తీసే అర మిల్లీలీటరుకు కూడా లెక్క ఉంటుంది. వెంటిలేటర్ గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి వెళ్తుంది కాబట్టి బిడ్డ ఏడ్చినా వినపడదు. ముఖం ముడుచుకుంటుంది, నోరు తెరుచుకుంటుంది, శబ్దం మాత్రం రాదు. ఈ సంగతి ముందే చెప్పి లోపలికి తీసుకెళ్లాలి. తెలియక చూసిన తల్లి తల్లడిల్లిపోతుంది.

కాసేపటికి తేరుకుని ఆమె అడిగే ప్రశ్న ఒకటే. "నేనేం చేయాలి?"

చాలాసార్లు వచ్చే జవాబు, "మీరేం చేయక్కర్లేదమ్మా, మేం చూసుకుంటాం. మీరు రెస్ట్ తీసుకోండి." మంచి మనసుతో చెప్పే మాటే ఇది. కానీ గత నలభై, యాభై ఏళ్ల పరిశోధన చూస్తే ఆ జవాబు తప్పు అనిపిస్తుంది. బాక్సు పక్కన వేసిన కుర్చీ చూడవచ్చినవాళ్లు కూర్చోవడానికి కాదు. అక్కడ కూర్చున్న మనిషి కూడా వైద్యంలో భాగమే.

నిజానికి బిడ్డకు అందే మొదటి వైద్యం కూడా చాలాసార్లు తల్లి ఒంటిలోంచే అందుతుంది. ముందుగానే కాన్పయ్యేలా ఉందంటే డాక్టర్లు తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తారు. అది మాయ దాటి బిడ్డ ఊపిరితిత్తులను తొందరపెడుతుంది. న్యూజిలాండ్‌లో గ్రాహమ్ లిగ్గిన్స్ గొర్రెల మీద పరిశోధన చేస్తూ, ఈ మందు అందిన గొర్రెపిల్లలు బతకరానంత ముందుగా పుట్టి కూడా ఊపిరి తీసుకోవడం గమనించాడు. ఆయన, రాస్ హౌవీ కలిసి గర్భిణుల్లో చేసిన పరిశోధన 1972లో వెలువడింది. ఈనాటికీ నెలలు నిండని బిడ్డలకు అంతగా మేలు చేసిన మందులు కొన్నే.

ఊపిరితిత్తులను తొందరపెట్టడం ఎందుకు? తడిసిన రెండు పాలిథిన్ పొరలు అతుక్కుంటే విడదీయడం ఎంత కష్టమో తెలుసు కదా. ఊపిరితిత్తుల్లోని గాలితిత్తులు కూడా లోపల తడిగా ఉంటాయి. ఊపిరి వదిలినప్పుడల్లా అవి అతుక్కుపోకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ అనే పదార్థం. నెలలు చాలా తక్కువైన బిడ్డల్లో అది సరిపడా తయారై ఉండదు. మేరీ ఎలెన్ ఏవరీ, జెరే మీడ్ 1959లో ఈ లోపాన్ని బయటపెట్టారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు ప్యాట్రిక్ సుమారు ఐదున్నర వారాలు ముందుగా పుట్టి, రెండు రోజులు నిండకుండానే ఈ ఊపిరి ఇబ్బందితో చనిపోయాడు. దేశాధ్యక్షుడి బిడ్డకైనా అప్పుడు చేయగలిగింది అంతే. జపాన్‌లో టెత్సురో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను పదిమంది పసివాళ్లకు ఇచ్చి, ఫలితాలు 1980లో ప్రకటించింది. ఈ రోజు ఆ మందును నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఇస్తారు. ప్యాట్రిక్ పుట్టినన్ని వారాలకు పుట్టిన బిడ్డ గురించి ఇప్పుడు డాక్టర్లు పెద్దగా టెన్షన్ పడరు.

ఊపిరి కుదురుకుందంటే వెంటనే ఎదురయ్యే భయం మెదడు గురించి. మెదడు లోపలిభాగంలో కొత్త కణాలు పుట్టే చోట రక్తనాళాలు ఈ వయసులో చాలా సున్నితంగా ఉంటాయి. రక్తపోటు ఎగుడుదిగుడైతే చిట్లుతాయి. రక్తస్రావమయ్యే బిడ్డల్లో ఎక్కువమందికి అది మొదటి మూడు రోజుల్లోనే అవుతుంది. అందుకే ఆ రోజుల్లో బిడ్డను వీలైనంత తక్కువగా కదుపుతారు, మాడు మీదుగా స్కాన్ చేస్తారు. చిన్న రక్తస్రావాలు చాలావరకు ఏ లోపమూ మిగల్చకుండా పోతాయి. పెద్దవి అలా కాదు. ఈ తేడాను డాక్టరును విడిగా అడిగి తెలుసుకోవడం మంచిది. రక్తస్రావం అనే మాట వినగానే మిగతా మాటలేవీ చెవికెక్కవు.

24 వారాలప్పుడు మెదడు పైభాగం దాదాపు నున్నగా ఉంటుంది. మనం బొమ్మల్లో చూసే ఆ మడతల్లో చాలావరకు ఆ తర్వాతి మూడు, నాలుగు నెలల్లో ఏర్పడతాయి. అంటే ఈ బిడ్డలకు మెదడు మడతలు పడేది ఎన్‌ఐసీయూ లైట్ల కింద, అలారాల మోతలో, సూది పోట్ల మధ్య. ఈ విషయం తెలిశాక నాకు ఎన్‌ఐసీయూలో గట్టిగా మూసిన తలుపు చప్పుడు కూడా చిన్న విషయంగా తోచదు. 25 వారాల బిడ్డకు చెవులు పనిచేయడం మొదలవుతుంది. కడుపులో వినాల్సిన గొంతు అమ్మది. ఆమె కుర్చీలో కూర్చుని తగ్గు స్వరంతో ఏదో ఒకటి చెబుతుంటే, ఆ బిడ్డకు అందాల్సినదే అందుతోంది.

నొప్పి సంగతి కొంచెం నిలిచి చెప్పాలి. పసిబిడ్డలకు నొప్పి అంతగా తెలియదని, మత్తుమందు తట్టుకోలేరని 1980ల దాకా వైద్యలోకంలో చాలామంది నమ్మేవారు. నెలలు నిండని బిడ్డలకు తగినంత నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు. భారతదేశం నుంచి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కె.జె.ఎస్. ఆనంద్ దీన్ని ప్రశ్నించాడు. గుండె దగ్గరి రక్తనాళాన్ని మూసే ఆపరేషన్‌లో కొందరు బిడ్డలకు బలమైన నొప్పి మందు కూడా ఇచ్చి, మిగతావారితో పోల్చి చూశాడు. మందు అందిన బిడ్డల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువ పెరిగాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1987లో ఆ ఫలితాలు రావడంతో పద్ధతులు మారడం మొదలైంది.

రోజూ జరిగే చిన్న నొప్పులకు, అంటే మడమ మీద సూది గుచ్చడం లాంటివాటికి, ప్రతిసారీ అంత బలమైన మందు ఇవ్వలేరు. అక్కడ పనికొచ్చేది మనిషి చేయి. ఒక అరచేయి బిడ్డ తల మీద, రెండోది ముడిచిన కాళ్ల మీద పెట్టి కదపకుండా అలాగే ఉంచాలి. నిమరకూడదు. మనకు ముద్దుగా అనిపించే నిమురుడు ఆ పల్చటి చర్మానికి చాలా ఎక్కువ. కడుపులో గోడలు చుట్టూ పొదివి పట్టుకున్నట్టు అరచేతులు నిశ్చలంగా ఉంటే చాలు. సూది గుచ్చేటప్పుడు ఇలా పట్టుకున్న బిడ్డలు నొప్పికి తక్కువగా తల్లడిల్లుతారని పరిశోధనలు చూపించాయి. సిస్టర్ ఒకసారి చూపిస్తే నాన్న కూడా ఈ పని చేయగలడు. వేళకు మందు వేసినంత అవసరమైన పని ఇది.

అయితే కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లు మొదట బిడ్డ మీద నిలవవు. మానిటర్ మీదే ఉంటాయి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చెప్పే అంకె 92 చూపిస్తే, 100 ఎందుకు లేదని దిగులు. ఆ అంకె వెనక పెద్ద చరిత్ర ఉంది. 1940ల్లో, 50ల్లో నెలలు నిండని బిడ్డలకు ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. ఎంతోమంది చూపు కోల్పోయారు. కారణం ఆక్సిజన్ ఎక్కువ కావడమేనని ఆస్ట్రేలియాలో కేట్ క్యాంప్‌బెల్ 1951లో సూచించింది. తర్వాతి పరిశోధనలు అదే నిజమని తేల్చాయి. కంటి రెటీనాలో రక్తనాళాల పెరుగుదల నెలలు నిండేవరకు సాగుతుంది. ఆక్సిజన్ మితిమీరితే ఆ పెరుగుదల దారి తప్పుతుంది. దాంతో ఆక్సిజన్ బాగా తగ్గించారు. అప్పుడు ఊపిరి అందక మరణాలు పెరిగాయి. ఇటీవల దాదాపు 5,000 మంది బిడ్డలతో ఐదు పరిశోధనలు చేసి చూస్తే, 85 నుంచి 89 మధ్య ఉంచితే మరణాలు ఎక్కువయ్యాయి, 91 నుంచి 95 మధ్య ఉంచితే కళ్లకు చికిత్స అవసరమైనవాళ్లు పెరిగారు. ప్రాణం ముందు కాబట్టి చాలా ఆస్పత్రులు 90 నుంచి 95 దగ్గర పెట్టుకుని, కంటి పరీక్షలు తప్పకుండా చేయిస్తాయి. ఆక్సిజన్ పెట్టిన బిడ్డకు 92 మంచి అంకె.

ఉన్నట్టుండి బిడ్డ ఊపిరి ఆపేయడం ఇంకో హడల్. ఊపిరి తీసుకొమ్మని చెప్పే మెదడు భాగం ఇంకా పరిపక్వం కాలేదు, అందుకే మర్చిపోతారు. అవును, నిజంగా మర్చిపోయినట్టే. 20 సెకన్లు దాటి ఆగితే, లేదా ఆగిన కాసేపట్లోనే గుండె వేగం పడిపోతే, సిస్టర్ వచ్చి అరికాలో వీపో తట్టి గుర్తుచేస్తుంది. దీనికి ఇచ్చే మందు కెఫీన్, కాఫీలో ఉండేదే. 2006లో వచ్చిన పెద్ద పరిశోధనలో, కెఫీన్ అందుకున్న బిడ్డలకు ఊపిరి యంత్రాల సాయం తొందరగా అక్కర్లేకుండా పోయిందని తేలింది.

అలారం మోగినప్పుడు అనుభవమున్న సిస్టర్‌ను గమనించండి. ఆమె ముందు బిడ్డను చూస్తుంది. రంగు మారిందా, ఛాతీ కదులుతోందా, కాలి తీగ ఊడిందా. ఆ తర్వాతే తెర. అమ్మానాన్నలు ఈ చూపు నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ అన్ని వారాలపాటు ఒకే బిడ్డను చూస్తూ కూర్చునేది వాళ్లే కదా. డ్యూటీలు మారుతాయి, డాక్టర్లు మారతారు. "ఈ రోజు ఎందుకో డల్‌గా ఉంది" అని తల్లి అంటే, రిపోర్టులో ఏమీ కనిపించకపోయినా ఆ మాటను పట్టించుకోవాలి.

పాల దగ్గర కూడా ఇదే. మొదట ఇచ్చేది ఒక మిల్లీలీటరు, అదీ నోటి గొట్టంలోంచి. చూసిన తల్లికి ఏడుపొస్తుంది. ఆ మిల్లీలీటరు ఆకలి తీర్చడానికి కాదు, పేగుకు పని నేర్పడానికి. నెలలు నిండని పేగును దెబ్బతీసే ఎన్‌ఈసీ అనే జబ్బు ఉంది. తల్లిపాలు తాగే బిడ్డల్లో అది తక్కువ. ముందుగా కాన్పయిన తల్లి పాలలో మొదటి వారాల్లో మాంసకృత్తులు కూడా మామూలుకంటే ఎక్కువ ఉంటాయి. రోజుకు ఎనిమిదిసార్లు పంపుతో పాలు తీయడం చాలా కష్టమైన పని, దాన్ని ఇంటివాళ్లు పని కిందే లెక్కించాలి. కొందరికి ఎంత చేసినా పాలు రావు. అది వాళ్ల తప్పు కాదు. దాత తల్లుల పాలు పాశ్చరైజ్ చేసి ఇచ్చే మిల్క్ బ్యాంకులు ఉన్నవి అందుకే.

ఇక కుర్చీ విలువ అన్నిటికంటే బాగా తెలిసింది పేదరికంలోనే. 1970ల చివర్లో కొలంబియాలోని బొగొటాలో ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఇంక్యుబేటర్లు చాలక ఒక్కోదాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టేవారు. ఇన్ఫెక్షన్లు ఒకరి నుంచి ఒకరికి పాకేవి. అక్కడి డాక్టర్ ఎడ్గార్ రే బిడ్డలను తల్లుల ఛాతీ మీద, చర్మానికి చర్మం తగిలేలా కట్టించాడు. కంగారూ మదర్ కేర్ అలా పుట్టింది. దాదాపు అదే సమయంలో ఎస్టోనియాలోని టాలిన్‌లో సిస్టర్లు సరిపోక, ఆడిక్ లెవిన్ అనే డాక్టర్ తల్లులను ఆస్పత్రిలోనే ఉంచి, బిడ్డల పనులు వాళ్లకే నేర్పించాడు. ఆ ఆలోచనే తర్వాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 26 ఎన్‌ఐసీయూల్లో పరీక్షకు నిలిచింది. 2018లో ఫలితాలు వచ్చాయి: అమ్మానాన్నలు సంరక్షణలో పాలుపంచుకున్న చోట బిడ్డలు బాగా బరువు పెరిగారు, తల్లిదండ్రుల్లో ఒత్తిడి తగ్గింది.

2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన ఇంకా గట్టి రుజువు చూపించింది. భారత్‌తో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న బిడ్డలను నిలకడ పడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఛాతీ మీద ఉంచారు. అందుకోసం ఎన్‌ఐసీయూలోనే తల్లికి మంచం వేశారు. మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో పరిశోధనను ముందే ఆపేశారు. కిలోకు తక్కువైన బిడ్డలు అందులో లేరు. వాళ్ల విషయంలో ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్లు స్థితిని బట్టి చెబుతారు. కానీ మొదలుపెట్టాక నాన్న ఛాతీ కూడా అంతే వెచ్చన.

ఇవన్నీ చెప్పాక ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. ఖాళీ చేతులతో ఇంటికి వెళ్లే రాత్రులు, రెండడుగులు ముందుకేసి ఒకడుగు వెనక్కి పడే వారాలు మనిషిని అరగదీస్తాయి. ఈ తల్లుల్లో, తండ్రుల్లో కూడా, డిప్రెషన్, భయంకరమైన జ్ఞాపకాలు పదేపదే తరుముకురావడం ఎక్కువగా కనిపిస్తాయి. ఒక్కోసారి బిడ్డ ఇంటికొచ్చి అంతా బాగున్నాక మొదలవుతాయి. ఒక పూట కుర్చీ ఖాళీగా వదిలి నిద్రపోయినంత మాత్రాన బిడ్డకు ద్రోహం చేసినట్టు కాదు. సాయం అడగాలి, డాక్టర్‌కు చెప్పాలి.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ తడబడకుండా చేయడం బిడ్డకు 32 నుంచి 34 వారాల మధ్య మెల్లగా పట్టుబడుతుంది. బాక్సు లేకుండా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవాలి, బరువు పెరగాలి, కొన్ని రోజులపాటు ఊపిరి ఆగకుండా ఉండాలి. అప్పుడు డిశ్చార్జ్ మాట వస్తుంది. ఆ తర్వాత రెండేళ్లదాకా బిడ్డ వయసును డ్యూ డేట్ నుంచి లెక్కపెట్టి ఎదుగుదల చూడాలి. టీకాలు మాత్రం అసలు పుట్టినరోజు లెక్కనే.

చాలా ఆస్పత్రుల్లో ఇంటికి పంపే ముందు ఒకటి రెండు రాత్రులు అమ్మను, బిడ్డను విడి గదిలో ఉంచుతారు. తీగలన్నీ తీసేస్తారు. మూడు నెలలుగా మోగిన మోత ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దంలో అమ్మకు గుండె గుబేలుమంటుంది. అలవాటుగా తెర కోసం చూస్తుంది, తెర ఉండదు. అప్పుడు దీపం కాస్త దగ్గరకు జరుపుకుని, దుప్పటి కింద ఛాతీ లేస్తోందా, పెదవుల రంగు ఎలా ఉందా అని చూస్తుంది.