కాగితం సరిపోక చిక్కిపోయిన ఖండం

మళ్లీ స్కేళ్లు బయటికొచ్చాయి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథలాటకి ఫర్గాటెన్ రెల్మ్స్ అని ఒక కల్పిత లోకం ఉంది. 2025 నవంబరులో దాని మీద రెండు కొత్త పుస్తకాలు వచ్చిన దగ్గర్నుంచి, పాత మ్యాపులు దాచుకున్నవాళ్లంతా వాటిని కొత్తవాటి పక్కన పరిచి కొలుస్తున్నారు. అప్పట్లో నెల పైన పట్టిన ప్రయాణం ఇప్పుడు మూడు వారాల్లో ఎలా అయిపోతోంది? ఆ లోకంలోని చల్ట్ అనే అడవి ప్రాంతం ద్వీపకల్పమా, ద్వీపమా? ఇంతకీ ఏ మ్యాపును నమ్మాలి? అవతలి పక్షం దగ్గర జవాబు రెడీగా ఉంది: లేని ఊళ్లకి సర్వే నంబర్లెందుకు, హాయిగా ఆడుకోక?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఎలా పుట్టింది, ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నతనంలో కెనడాలో ఈ లోకాన్ని ఎలా ఊహించుకున్నారు, 1986లో ఆ ఆటని అచ్చువేసే టీఎస్ఆర్ కంపెనీ దాన్ని ఎందుకు కొన్నది... ఈ గొడవ ఫాలో అవుతున్నవాళ్లకి ఇదంతా తెలిసిన కథే. వదిలేద్దాం.

ఈ తగువు గురించి ఎవరు రాసినా 2008 దగ్గర ఆగుతారు. ఆ ఏడాది వచ్చిన ఆట నాలుగో ఎడిషన్, ఈ లోకంలో ముఖ్యమైన ఫేరూన్ ఖండాన్ని తిరగేసి కుమ్మింది కాబట్టి తప్పంతా దానిదేనని తేల్చేస్తారు. నాకు అలా అనిపించదు. 2008లో పగిలింది అందరి కళ్లముందే పగిలింది. ముడి పడింది మాత్రం అంతకు ఏడేళ్ల ముందు, 2001లో. అప్పుడు ఎవరూ పెద్దగా అరవలేదు.

ఈ లోకం మీద 1987లో వచ్చిన మొదటి పెట్టె సంగతి చూస్తే ఇది అర్థమవుతుంది. అభిమానులు గ్రే బాక్స్ అంటారు దాన్ని. లోపల రెండు పుస్తకాలు, నాలుగు పోస్టర్ మ్యాపులు. రెండు మ్యాపుల్లో అంగుళానికి 90 మైళ్లు, మిగతా రెండింట్లో అంగుళానికి 30 మైళ్లు. వీటితో పాటు రెండు పారదర్శక ప్లాస్టిక్ షీట్లు ఉండేవి, వాటి మీద తేనెపట్టులా ఆరు మూలల గడులు. మ్యాపును టేబుల్ మీద పరచాలి, మడతలు లేవకుండా నాలుగు మూలలా పాచికలో గ్లాసులో పెట్టాలి, పైన ప్లాస్టిక్ షీట్ వేయాలి, బయల్దేరిన ఊరి నుంచి గడులు లెక్కపెట్టాలి. షీట్ కాస్త జరిగితే లెక్క మళ్లీ మొదటికి. నగరాలకీ నదులకీ పక్కన ఏమీ రాయని జాగా బోలెడంత ఉండేది. పెట్టె కొన్నవాడు తన ఊరినో, తన కోటనో, తన దొంగల ముఠానో అక్కడ పెట్టుకోవచ్చు.

ఆ మ్యాపు మాత్రం పుట్టు ముత్యమా అంటే, కాదు. టీఎస్ఆర్ చేతికి వచ్చాక దానికి అతుకులు పడ్డాయి. మూన్‌షే దీవులు టీఎస్ఆర్ రచయిత డగ్లస్ నైల్స్ వేరే పని కోసం సిద్ధం చేసుకున్నవి. తెచ్చి పడమటి సముద్రంలో పెట్టారు. తూర్పున కారా-టుర్‌ను అతికించారు. అది 1985లో విడిగా వచ్చిన సరుకు. గ్రీన్‌వుడ్ ఇంట్లో గీసుకున్నదానికీ అచ్చులో వచ్చినదానికీ అప్పుడే తేడా ఉంది. పాత మ్యాపే అసలు మ్యాపు అని వాదించేవాళ్లు ఈ ముక్క ఎత్తరు. కానీ అప్పట్లో చేసినదంతా చేర్చడమే. ఉన్న దూరాల్ని కత్తిరించలేదు.

ఇక్కడ ఒక పక్కదారి. అదే కంపెనీ 1980లో గ్రేహాక్ అనే ఇంకో కల్పిత లోకాన్ని అచ్చు వేసినప్పుడు, ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్‌కి కాగితం సరిపోని చిక్కు వచ్చింది. ప్రెస్సులో ఎంత పెద్ద కాగితం పడుతుందో ముందు కనుక్కున్నారు. తాను అనుకున్న స్కేలులో గీస్తే ఆ కాగితాల మీద ఆ లోకపు ఓరిక్ ఖండం మొత్తం పట్టలేదు, ఈశాన్య మూల మాత్రమే పట్టింది. ఆయన ఆ మూలనే ఉంచి మిగతాది బయట వదిలేశారు. డార్లీన్ అనే చిత్రకారిణి రెండు పెద్ద షీట్ల మీద దాన్ని గీశారు, ఒక్కో గడికి 30 మైళ్లు. ఖండంలో పడమటి భాగం ఏమైందని అడిగితే కాగితం అయిపోయిందనేదే నిజమైన జవాబు. అయినా కాగితంలో పట్టినంత మేర దూరాలు సరిగ్గా ఉన్నాయి. దుప్పటి ఎంత ఉంటే అంతే కాళ్లు చాపారు.

2001లో ఫేరూన్‌కి అచ్చంగా ఇదే పరిస్థితి వచ్చింది, నిర్ణయం మాత్రం తిరగబడింది.

అప్పటికి టీఎస్ఆర్ లేదు. 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ దాన్ని కొన్నది, 1999లో విజార్డ్స్‌ని హాస్బ్రో కొన్నది. మూడో ఎడిషన్‌కి తగ్గట్టు ఫర్గాటెన్ రెల్మ్స్‌ని ఒకే లావుపాటి పుస్తకంగా తేవాలనుకున్నారు. గ్రీన్‌వుడ్, షాన్ కె. రేనాల్డ్స్, స్కిప్ విలియమ్స్, రాబ్ హైన్సూ పేర్లతో 2001లో అది వచ్చింది. వెనక ఒక మడత పోస్టర్, ఖండమంతా ఒకే కాగితం మీద. చూడ్డానికి ఎంత బాగుంటుందంటే, ఇప్పటికీ చాలామంది గోడ మీద వేలాడేది అదే. పేజీల లోపల రాత కూడా గొప్పగా ఉంటుంది, ఎడిషన్లన్నింటిలో చదవడానికి అదే బాగుంటుందని నేనూ అంటాను.

కానీ ఖండం ఆ కాగితంలో ఊరికే పట్టలేదు. దక్షిణాన్ని నొక్కారు, కొంత తిప్పారు, ఖాళీ అనిపించిన జాగాల్ని తగ్గించారు. ఎక్కువ దెబ్బ షార్ గడ్డిమైదానానికి తగిలింది. పాత మ్యాపులో రోజుల తరబడి మనిషన్నవాడు ఎదురుపడని పచ్చిక బయలు అది. కొత్తదాంట్లో మధ్యలో పెట్టిన పట్టీలా మిగిలింది.

మా గ్రూపులో దీన్ని పట్టుకున్నది దారంతో. మేం ఐదుగురం, శనివారం రాత్రుళ్లు హైదరాబాద్‌లో ఒకరి ఫ్లాట్‌లో ఆడతాం. ఆటలో మా పాత్రల గుంపు షార్ పడమటి అంచు నుంచి మరుగుజ్జుల గ్రేట్ రిఫ్ట్ దాకా వెళ్లాలి. ఆట నడిపించే డీఎం (డంజన్ మాస్టర్) చెప్పిన రోజులకీ మాలో ఒకడి దగ్గరున్న పాత మ్యాపుకీ పొంతన కుదరలేదు. దారి వంకర్లు తిరుగుతుంది కాబట్టి స్కేలు పనికిరాదు. వాడు వంటింట్లోంచి పూలదారం తెచ్చి, దారి మీద వేలితో నొక్కుకుంటూ పరిచి, చివర ముడేసి, తీసుకెళ్లి మైళ్ల కొలబద్ద మీద పెట్టాడు. రెండో మ్యాపు మీదా అదే పని. ముడులు రెండూ పక్కపక్కన పెట్టి, ఏ మ్యాపు ముడిని ఆ మ్యాపు కొలబద్దతో లెక్క కట్టాక, ఆ పూట ఆట సాగలేదు.

మైళ్లు తగ్గితే ఏమవుతుందని అడిగేవాళ్లకి ఇది కాస్త వివరంగా చెప్పాలి. మామూలు నడకలో రోజుకి 24 మైళ్లు. మూడో ఎడిషన్‌లో మామూలు మనిషి నడక లెక్క అదే, 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్‌లోనూ అదే. ఉదాహరణకి 1987 మ్యాపు మీద రెండు చోట్ల మధ్య పది అంగుళాలు ఉన్నాయనుకోండి. 900 మైళ్లు, అంటే 37 రోజులన్నర. అవే రెండు చోట్లు నొక్కిన మ్యాపులో 700 మైళ్ల దూరంలో పడితే 29 రోజులు. ఎనిమిది రోజులు ఎక్కడికో పోయాయి. ఐదుగురు మనుషులకి, రోజుకొకటి చొప్పున, నలభై తిండి మూటలు మిగిలాయి. 2014 రూల్స్‌లో మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు కావాలి, ఎండ మండితే రెండు. గుర్రం ఎన్ని మోయగలదు, దారిలో బావి ఉందా, అరణ్యంలో బతకడం నేర్చిన రేంజర్‌ని వెంట తీసుకెళ్లాలా వద్దా అన్న ప్రశ్నలన్నీ ఆ ఎనిమిది రోజుల్లోంచే పుడతాయి. మైదానం చిన్నదైతే రేంజర్‌కి పని తగ్గుతుంది. నీటి తోలుసంచులు కొనాలా అని బేరం ఆడే సీన్ ఎగిరిపోతుంది. ఒక సైన్యం సరిహద్దు దాటిందన్న వార్త రాజుకి చేరడానికి పట్టే రోజులూ తగ్గుతాయి. అప్పుడు ఆ రాజు ఎందుకు మోసపోయాడో చెప్పే పాత కథ నిలబడదు.

ఖాళీ జాగా అని తీసేసింది ఏదీ ఖాళీ కాదనే పాత మ్యాపువాళ్లు అంటారు. గ్రే బాక్స్ అమ్మిందే ఆ ఖాళీని. ఇంకో మాట కూడా అంటారు, నాకు దాంట్లోనే ఎక్కువ న్యాయం కనిపిస్తుంది: మార్చినప్పుడు కథలో కారణం చెప్పలేదు. భూకంపం రాలేదు, దేవుడెవడూ కోపగించుకోలేదు. మొన్నటిదాకా ఒక దూరం, ఇవాళ ఇంకో దూరం, లోకంలో ఉన్న మనుషులకి మాత్రం ఏమీ తెలియదు.

తయారుచేసినవాళ్ల వాదనా ఉంది. కొత్తగా వచ్చే డీఎంకి నాలుగు పోస్టర్లు చేతిలో పెడితే బెదిరిపోతాడు, ఖండం ఒక్క చూపులో కనబడాలి, ఎవరూ వెళ్లని జాగాకి కాగితం తగలేయడం దండగ. అడిగినవాళ్లకి ఇది దాచకుండానే చెప్పారు.

2008కి వస్తే, అది మొత్తం దండోరా వేసి చేసిన మార్పు. మాయాదేవత మిస్ట్రా హత్యతో 1385లో స్పెల్‌ప్లేగ్ అనే విపత్తు పుట్టిందన్నారు (ఆ లోకపు క్యాలెండరైన డేల్ లెక్కలో), కథని దాదాపు వందేళ్లు ముందుకి, 1479కి జరిపారు. హల్‌రువా దేశం పేలిపోయింది. లాంటన్ దీవులు మునిగాయి. ఫాలెన్ స్టార్స్ సముద్రంలో నీటిమట్టం దిగిపోయింది. మజ్టికా ఖండం మాయమై దాని చోటికి వేరే లోకపు నేల వచ్చింది. చల్ట్ తెగి ద్వీపమైంది. నచ్చనివాళ్లు కోకొల్లలు, కానీ కారణం మాత్రం ఫలానా అని అందరికీ తెలుసు. 2013, 14లో ఆరు నవలలతో 'సండరింగ్' అనే ఘట్టం నడిపి చాలావరకు వెనక్కి తిప్పినప్పుడు కూడా అంతే. హల్‌రువా తిరిగొచ్చింది, సముద్రం నిండింది, చల్ట్ అతుక్కుంది. పగలగొట్టినదాన్ని కథతోనే అతికించారు. 2001లో నొక్కినదాన్ని సాగదీయడానికి మాత్రం కథ లేదు, ఎందుకంటే నొక్కినప్పుడూ కథ లేదు.

మరి ఇన్నాళ్లు గొడవ ఎందుకు సద్దుమణిగి ఉంది? ఐదో ఎడిషన్ పడమటి తీరం దాటి ఎక్కువగా వెళ్లలేదు. 2015లో వచ్చిన గైడ్ పేరే స్వోర్డ్ కోస్ట్. వాటర్‌డీప్, నెవర్‌వింటర్, బాల్డర్స్ గేట్, వాటి పైన మంచుదేశం. సాహసాలన్నీ చాలావరకు ఆ వరసలోనే తిరిగాయి. 2017లో చల్ట్ అడవికి ఒకసారి వెళ్లారు. దానికిచ్చిన మ్యాపులో పది మైళ్ల గడులు. డీఎంకి అన్నీ రాసినది ఒకటి, ప్లేయర్లకి దాదాపు ఖాళీగా ఉండేది ఒకటి. ఖాళీకి విలువ ఉందని కంపెనీకే గుర్తొచ్చిన సందర్భం అది. షార్ గురించి, దాని చుట్టుపక్కల గురించి ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పాల్సిన పనీ పడలేదు.

ఈలోగా 2021 జులైలో కంపెనీలో అప్పటి రూల్స్ పెద్ద జెరెమీ క్రాఫర్డ్ ఒక మాట చెప్పారు. 2014 నుంచి ఐదో ఎడిషన్ ఆట పుస్తకాల్లో వచ్చిందే అధికారికం, అంతకుముందు ఎడిషన్లూ నవలలూ ఆ లెక్కలోకి రావు. కొత్తగా వచ్చేవాళ్లు ముప్పై ఏళ్ల పుస్తకాలు చదవక్కర్లేదన్న ఉద్దేశం మంచిదే. దాంతో 1987 మ్యాపూ 2001 మ్యాపూ కూడా ఒక్క కలంపోటుతో పాత కాగితాలయ్యాయి. ఏది తప్పో తేల్చే పని ఎవరి మీదా లేకుండా పోయింది.

తర్వాత 2023లో బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ వచ్చి లక్షలమందిని ఈ లోకంలోకి లాక్కొచ్చింది. ఆ నగరానికి దక్షిణాన ఏముంది, తూర్పున ఏముంది అని వాళ్లు వెతికితే దొరికేవి ఐదారు రకాల మ్యాపులు, ఏ రెండూ కలవవు. ఇప్పుడు కొత్త పుస్తకాలు మూన్‌షే దీవులకీ డేల్‌ల్యాండ్స్‌కీ కాలిమ్‌షాన్‌కీ కథని తీసుకెళ్లాయి. కాలిమ్‌షాన్ దాకా వెళ్లినవాడు అక్కడి నుంచి తూర్పుకి తిరిగితే షార్ ఎంతో దూరం లేదు. ఎంత దూరమన్నదే తగువు.

మా టేబుల్ దగ్గర రాజీ ఒకటి కుదిరింది. ఊళ్లు కొత్త మ్యాపువి, రోజులు పాత మ్యాపువి. పూలదారం ముడులతో సహా డీఎం డబ్బాలో ఉంది.